బుచ్చిగాడికి నాలుగు మీటర్ల దూరంలో: ఒక ప్రాజెక్టు డైరీ

నవంబరు 2

ఈ చలికాలం ఎక్కడికీ పోకుండా, ఇంటి నుంచి పది నిమిషాలు నడిచేంత దూరంలోనే పిట్టల ఫొటోలు తీయాలని పెట్టుకున్నాను. బైకు తీయకూడదు, అంతే రూలు.

మాది నెల్లూరు పక్కన, కోవూరు వైపు కాలువ కింద ఊరు. వెనక వీధి దాటితే వరి మళ్ళు, వాటి మధ్య పిల్లకాలువ, ఆ కాలువ కొసన మా చిన్నాన్న వాళ్ళ గుంట. ఒకప్పుడు అందులో రొయ్యలు వేశారు. వరసగా రెండు పంటలు పోయాక వదిలేశారు. ఇప్పుడు ఒక పక్క జమ్ము పెరిగింది, మిగతాదంతా నీళ్ళు, చేపపిల్లలు, కప్పలు.

నేను రొయ్యల మేత దుకాణంలో లెక్కలు రాస్తాను. మా దగ్గరికి వచ్చే రైతులు గుంటల మీద తాళ్ళు కట్టి, వలలు కప్పి, టపాకాయలు పేల్చి మరీ కొంగల్ని, నీటికాకుల్ని తోలుకుంటారు. ఒక గుంటలో జబ్బు రొయ్యను ఎత్తుకొచ్చి ఇంకో గుంటలో జారవిడిస్తే రోగం పాకుతుందని వాళ్ళ భయం. అది ఉత్త భయమేం కాదు. నేను పిట్టల కోసం గుంట గట్టున గుడిసె వేస్తున్నానని తెలిసి ఒకాయన పగలబడి నవ్వాడు. "మేము తోలేదానికి దుడ్లు పెడతా ఉంటే నువ్వు పిలిచేదానికి పెడతా ఉండావా అబ్బయ్యా" అన్నాడు.

సామాను ఇది: సెకండ్‌హ్యాండ్‌లో కొన్న నికాన్ డీ5600, దానికి 70-300 లెన్సు. పక్షుల ఫొటోలకి ఇది చిన్న లెన్సు కిందే లెక్క. పెద్ద లెన్సు కొనే స్తోమత లేదు కాబట్టి దూరాన్నే తగ్గించుకోవాలి. ప్రాజెక్టు మొత్తం ఈ ఒక్క మాట మీదే నడుస్తుంది.

కావలసిన పిట్ట: చిన్న బుచ్చిగాడు. బుచ్చిగాడంటే లకుముకి పిట్టే. లకుముకి పిట్టల్లో మా గుంట చుట్టూ మూడు రకాలున్నాయి. ఎర్రటి పెద్ద ముక్కు, తెల్లటి గొంతు ఉండేది ఒకటి. కరెంటు తీగ మీద రోజూ కనబడేది అదే. గాల్లో ఒక్కచోటే రెక్కలు కొట్టుకుంటూ నిలబడి కిందికి దూకే నలుపూ తెలుపూది రెండోది. పిచ్చుకంత ఉండి, నీళ్ళ మీద నీలం గీత గీసినట్టు పోయేది మూడోది, అదే చిన్న బుచ్చిగాడు. దాన్ని ఇప్పటిదాకా వెనక నుంచే చూశాను.

నవంబరు 9

గుడిసె లేచింది. నాలుగు వెదురు కర్రలు, చుట్టూ నర్సరీల్లో కప్పే గ్రీన్ నెట్, లోపల ప్లాస్టిక్ స్టూలు. లెన్సు పట్టేంత కంత ఒకటి. గుంట పడమటి గట్టున వేప చెట్టు నీడ ఉందని అక్కడే వేశాను.

పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా కూర్చున్నాను. గుడ్డికొంగ వచ్చింది, బొంతకోడి వచ్చింది, తెల్లగొంతు బుచ్చిగాడు అవతలి గట్టున వాలాడు. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో వేస్తే అన్నీ నల్లటి బొమ్మలు. తోలుబొమ్మలాటే. పడమటి గట్టున కూర్చుంటే నా ముఖం తూర్పుకి ఉంటుంది, సూర్యుడు నా కళ్ళలోకే కొడతాడు, పిట్ట వెనక వెలుగు తప్ప ఇంకేమీ పడదు. ఇంత చిన్న సంగతి కర్రలు పాతేటప్పుడు తట్టలేదు. నీడ చూసుకున్నాను గానీ ఎండ చూసుకోలేదు.

ఊడబీకి తూర్పు గట్టుకి మార్చాలి.

నవంబరు 16

మార్చాను. ఇప్పుడు పొద్దు నా వీపుకి, పిట్ట ముఖానికి.

ఈ రోజంతా కొలతలకే పోయింది. మావాడి జామెట్రీ బాక్సులోంచి ముప్పై సెంటీమీటర్ల స్కేలు తెచ్చి కర్రకి కట్టి, టేపుతో దూరం కొలుస్తూ కెమెరాలోంచి చూశాను. లెన్సు 300 దగ్గర పెట్టి నాలుగు మీటర్ల దూరంలో నిలబడితే స్కేలు ఫ్రేముని దాదాపు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నింపేసింది. చిన్న బుచ్చిగాడు ముక్కుతో కలిపి పదహారు, పదిహేడు సెంటీమీటర్లు ఉంటాడు. అంటే సగం ఫ్రేము వాడే. అదే పది మీటర్లకి పోతే ఫ్రేములోకి డెబ్భై ఎనిమిది సెంటీమీటర్ల మేర వస్తుంది. పిట్ట ఐదో వంతుకి పడిపోతుంది, కోసి పెద్దది చేస్తే ఈకలన్నీ ముద్దయిపోతాయి. కాబట్టి నాలుగు మీటర్లు ఖాయం.

దగ్గరికి వస్తే ఇంకో తంటా ఉంది. ఆ దూరంలో లెన్సు లోపలి రంధ్రాన్ని చిన్నది చేసి ఎఫ్8 పెట్టినా స్పష్టంగా వచ్చే మందం ఐదారు సెంటీమీటర్లే. పిట్ట పక్కకి తిరిగి కూర్చుంటే సరి, మన వైపు తిరిగితే కన్ను బాగుంటుంది, తోక మసకబారుతుంది.

కొమ్మ కోసం రెండంగుళాల పీవీసీ పైపు ముక్కని నీళ్ళలో, బురదలోకి మోకాలి లోతున దిగగొట్టాను. పైపు కొస నీళ్ళ కిందే ఉంటుంది, ఫొటోలో పడదు. అందులో ఎండిన తుమ్మ కొమ్మ గుచ్చితే నిలబడింది. ఇలా అయితే కొమ్మని కావలసిన వైపు తిప్పుకోవచ్చు, విరిగితే ఇంకోటి పెట్టుకోవచ్చు. బొటనవేలు లావు కొమ్మ అయితే దాని కాళ్ళ పట్టు కూడా కనబడుతుంది. కొమ్మ వెనక పది పన్నెండు మీటర్ల దాకా నీళ్ళు, ఆ తర్వాత అప్పుడే నాటిన వరి. బ్యాక్‌గ్రౌండు పచ్చగా, మెత్తగా వస్తుంది. ఆ లెక్క మాత్రం మొదటిసారే కుదిరింది.

నవంబరు 23

మూడు పొద్దులు కూర్చున్నాను. కొమ్మ మీద తూనీగ తప్ప ఏదీ వాలలేదు.

ఇవాళ ఎనిమిది గంటలప్పుడు గట్టు మీద దగ్గు వినిపించింది. పక్క యానాది కాలనీ పెద్దాయన. మళ్ళలో ఎలుకలు పట్టడానికి, వాగుల్లో చేపలకి తిరుగుతుంటాడు, ఈ చుట్టుపక్కల ఏ బొరియలో ఏముందో ఆయనకి తెలుసు. లోపలికి తొంగి చూసి, "ఏంది సామీ, దీంట్లో కూసోనుండావా" అన్నాడు. చెప్పాను. ఆయన నెట్ అంచు పట్టుకుని ఊపాడు. గాలి లేకపోయినా అది అలల్లే ఊగుతూనే ఉంది.

"పిట్టకి ఆకు తెలుసు, ఈ గుడ్డ తెలవదు. ఊగేదాని దగ్గరికి అది యాడొస్తది?"

మధ్యాహ్నం అమ్మ చేత చీవాట్లు తింటూ పాత గొడ్ల సావిడి మీది తాటాకులు దింపాను. ఎండి బూడిద రంగుకి తిరిగిన ఆకులు. పెద్దాయనే వచ్చి కొబ్బరి తాడుతో కట్టి పెట్టాడు, కంత కూడా నేలకి రెండడుగుల ఎత్తుకి దించాడు. అది ఆయన ఫొటో కోసం చేసింది కాదు, ఎత్తులో కంత ఉంటే మనిషి తల కనబడుతుందని. ఫొటోకి అదే మేలైంది. స్టూలు తీసేసి పీట వేసుకుంటే లెన్సు నీళ్ళ మట్టానికి దిగింది, పిట్ట కళ్ళలోకి సూటిగా చూస్తున్నట్టు వస్తుంది. డబ్బులివ్వబోతే వద్దని, కాఫీ అడిగాడు.

ఆయన ఇంటికి వెళ్ళాక జెర్డాన్ గుర్తొచ్చాడు. థామస్ జెర్డాన్ 1840ల్లో నెల్లూరులో డాక్టరుగా పనిచేశాడు. ఈ ప్రాంతపు యానాదుల దగ్గర పక్షుల గురించి, జంతువుల గురించి అడిగి తెలుసుకున్నాడు. 1862-64 మధ్య అచ్చయిన తన పక్షుల పుస్తకాల్లో ఇంగ్లీషు పేర్ల పక్కన తెలుగు పేర్లు కూడా రాసిపెట్టాడు. కలివికోడి అనే అరుదైన పిట్టకి ఇంగ్లీషులో ఉన్నది ఆయన పేరే. ఆ తెలుగు పేర్లు చెప్పినవాళ్ళ పేర్లు మాత్రం దేనికీ పెట్టలేదు.

డిసెంబరు 7

వారమంతా ముసురు. గుంట నిండి పొర్లింది, కొమ్మ సగం మునిగింది. నీళ్ళు చాయ్ రంగులో ఉన్నాయి.

ఇంట్లో ఇంకో భయం. ఈ తేమకి లెన్సులో బూజు పడుతుంది. పడితే అద్దం లోపల సాలెగూడులా పాకుతుంది, తుడిచినా పోదు. రబ్బరు అంచున్న బియ్యం డబ్బా ఒకటి తీసి, అడుగున సిలికా జెల్ పొట్లాలు వేసి, కెమెరా అందులో పెట్టాను. నీలం రంగు జెల్ గులాబీ రంగుకి తిరిగితే తేమ పీల్చేసుకుందని గుర్తు. పెనం మీద సన్నటి సెగకి వేడి చేస్తే మళ్ళీ నీలానికి వస్తుంది. వంటింటి పెనం మీద కాదు, దానికి వేరే పాత పెనం కొన్నాను. ఎందుకు కొనవలసి వచ్చిందో రాయను.

డిసెంబరు 14

ఇవాళ్టి పాఠం మావాడిది. ఏడో తరగతి. "నాన్నా, నువ్వు లోపలికి పోయేది అవి చూస్తున్నాయి కదా, ఇంకెందుకు వస్తాయి?" అన్నాడు. ఎక్కడో చదివిన చిట్కా ఒకటి గుర్తొచ్చింది. ఇద్దరం కలిసి గుడిసెలోకి పోవాలి, ఐదు నిమిషాలయ్యాక ఒకరు బయటికొచ్చి చేతులూపుకుంటూ వెళ్ళిపోవాలి. పిట్టలు లెక్కపెట్టుకోలేక మనిషి పోయాడనుకుంటాయట.

వాడు బయటికి పోయి, అవసరానికి మించి నటించి, పాట కూడా పాడుకుంటూ పోయాడు. పన్నెండు నిమిషాలకి తెల్లగొంతు బుచ్చిగాడు తుమ్మ కొమ్మ మీద! కాకులు మాత్రం మోసపోలేదు. రెండు వేప చెట్టెక్కి గుడిసె మీద అరుస్తూనే ఉన్నాయి.

మొదటి క్లిక్‌కే బుచ్చిగాడు లేచిపోయాడు. షట్టర్ చప్పుడు నాలుగు మీటర్ల దూరంలో ఎంత గట్టిగా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఇక నుంచి మొదటి పది నిమిషాలు కెమెరాలో ఉన్న 'క్యూ' మోడ్, అంటే మెల్లగా కొట్టుకునే షట్టర్. అందులో వరసగా ఫొటోలు రావు, ఒక్కొక్కటే వస్తుంది. చప్పుడు అలవాటయ్యాక మామూలు మోడ్‌కి వస్తాను.

తెల్లకొంగ ఫొటోలన్నీ సున్నం కొట్టినట్టు వచ్చాయి. చుట్టూ నీడ నీళ్ళుంటే కెమెరా మొత్తాన్నీ వెలుగు చేయబోతుంది, తెల్ల ఈకలు కాలిపోతాయి. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గిస్తే, అంటే లోపలికి పడే వెలుగు సగం చేస్తే, ఈక ఈకా విడివిడిగా కనబడింది.

డిసెంబరు 28

రూలు తప్పాను. ఇంట్లోవాళ్ళని నేలపట్టు పక్షుల అభయారణ్యానికి తీసుకుపోయాను. 2022లో జిల్లాలు విడగొట్టాక అది తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, మా నెల్లూరోళ్ళకి అది మాదే. నీటి కడప చెట్ల మీద గూడబాతుల గూళ్ళు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు. చెట్టుకి పండ్లున్నట్టు ఉన్నాయి. అక్కడి రైతులకి ఆ పక్షులంటే గిట్టకపోవడం లేదు. రెట్ట పడిన చెరువు నీళ్ళు పొలానికి పారితే పైరు బాగుంటుందంటారు. దుకాణానికొచ్చే మా రైతులు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

ఫొటోలు? నా లెన్సుకి గూడబాతు గోలీకాయంత వచ్చింది. పక్కన ఒకాయన మోచేతి పొడవు లెన్సుతో నిలబడి ఉన్నాడు. కాసేపు అసూయపడి, తర్వాత కెమెరా సంచిలో పెట్టేసి మావాడి బైనాక్యులర్స్ లాక్కున్నాను. ఆ రోజు బాగుంది.

జనవరి 4

వచ్చాడు.

ఇన్ని వారాలు ఎందుకు రాలేదో ఇప్పుడు అర్థమైంది. తెల్లగొంతుదానికి నీళ్ళతో పెద్ద పని లేదు. మిడత, ఎండ్రకాయ, తొండ, ఏది దొరికినా తింటుంది. చిన్నదాని బతుకంతా చేపల మీదే. పై నుంచి చేప కనబడితేనే దూకుతుంది. వానకి మడ్డిగా ఉన్న నీళ్ళు ఈ పది రోజుల్లో తేరుకున్నాయి. కొమ్మ దగ్గర అడుగు కనబడుతోంది.

ఏడు గంటల పది నిమిషాలు. ముందు సన్నటి ఈల వినిపించింది, తర్వాత కొమ్మ కొస కొంచెం కిందికి వంగి లేచింది. అంతే. లెన్సులోంచి చూస్తే ఫ్రేము నిండా వాడు. నేను ఊపిరి బిగబట్టి ఉన్నాను గానీ వాడికి నేను లెక్కే లేను. తల పైకీ కిందికీ రెండుసార్లు ఆడించాడు, నీళ్ళలో చేప ఎంత దూరంలో ఉందో అంచనా వేసుకుంటున్నట్టు. దూకాడు. నీళ్ళ చప్పుడు గులకరాయి వేసినంతే. తిరిగి కొమ్మ మీదికి వచ్చేసరికి ముక్కులో వేలెడు చేప, వెండిలా మెరుస్తోంది.

దాన్ని తోక దగ్గర పట్టుకుని తలని కొమ్మకేసి కొట్టాడు. టక్, టక్, టక్. ఎడమకి ఒకటి, కుడికి ఒకటి, చాకిరేవులో గుడ్డ ఉతికినట్టు. చేప కదలడం మానాక ముక్కులోనే అటూ ఇటూ దొర్లించి, తల తన గొంతు వైపుకి తిప్పుకుని మింగాడు. తల ముందు పోతే రెక్కల ముళ్ళు గొంతుకి అడ్డం పడవు. మింగాక కాసేపు మెడ లావుగా ఉంది. తర్వాత నీళ్ళలోకి ఒక మునక వేసి, వచ్చి ఈకలు దువ్వుకున్నాడు.

పదకొండు నిమిషాలు కూర్చున్నాడు. నూట అరవై ఫొటోలు తీశాను, నాలుగు పనికొచ్చాయి. మిగతావి వెలుతురు చాలక గింజలు గింజలుగా వచ్చినవి, తల ఆడించేటప్పుడు చెదిరినవి. కదలకుండా ఉన్నప్పుడు షట్టర్ వేగం 1/250 సెకను సరిపోయింది, చేపని కొట్టేటప్పుడు 1/1000 కూడా చాలలేదు.

రొయ్యల మేత కొనడానికి వచ్చిన ఆ నవ్వినాయనకి ఫోన్‌లో చూపించాను. చాలాసేపు చూసి, "వీడు మా గుంట మీద కూడా ఉంటాడే! ఇంత రంగుంటాడని నాకు తెలవదు" అన్నాడు. ఆ తర్వాత మేత బాకీ సంగతి మాత్రం ఎత్తనివ్వలేదు.

జనవరి 18

దూకే క్షణం కోసం పండగ సెలవులన్నీ తగలేశాను. నీళ్ళ మీద ఒక ఆకు తేలేసి, దాని మీద ఫోకస్ కట్టి ఉంచి, 1/2000 పెట్టి, వాడు దూకగానే బటన్ నొక్కడం. నా కెమెరా సెకనుకి ఐదు ఫొటోలు తీస్తుంది, వాడు ఆ ఐదింటి సందుల్లో దూకి, వెళ్ళిపోతాడు. ఏడు వందల పైచిలుకు ఫొటోల్లో వచ్చినవి: నీటి తుంపర్లు, ఒక తోక, ఖాళీ కొమ్మ ఊగడం. వదిలేశాను. దానికి నా దగ్గర ఉన్న కెమెరా చాలదు.

జనవరి 25

గుడిసెలోకి నీరుకట్టె వచ్చింది. కాలి మీద చల్లగా ఏదో పాకితే తాడనుకున్నాను. అది విషం పాము కాదని నాకు బాగా తెలుసు. తెలిసి కూడా ఆ కంతలోంచి నేనెలా బయటికొచ్చానో తెలీదు. తాటాకు గోడ ఒకటి కూలింది. బాగు చేయడానికి సాయంత్రమంతా పట్టింది. పాము ఫొటో తీయలేదు.

ఫిబ్రవరి 8

ఈ రెండు వారాల ఫొటోలు పెద్దవి చేసి చూస్తుంటే ఒక తేడా పట్టుకున్నాను. కొన్నింట్లో ముక్కు మొత్తం నలుపు. కొన్నింట్లో కింది దవడ ఎర్రగా, లిప్‌స్టిక్ పూసినట్టు ఉంది. కింద ఎర్రగా ఉండేది ఆడది. అంటే నేను ఇన్నాళ్ళూ ఒక్కడే అనుకున్న బుచ్చిగాడు ఇద్దరు. నాలుగు మీటర్ల దూరం లేకపోతే ఇది ఎప్పటికీ తెలిసేది కాదు.

రెండో సంగతి ఇవాళ పొద్దున చూసింది. మగది చేప పట్టింది, కొమ్మకేసి కొట్టింది, కానీ మింగలేదు. చేప తల బయటికి ఉండేటట్టు తిప్పి పట్టుకుంది. తనకైతే తల లోపలికి, ఇంకొకరికి ఇవ్వాలంటే తల బయటికి. తీసుకునేవాళ్ళ గొంతులోకి తల ముందు పోవాలి కదా. ఆడదానికో, పిల్లలకో.

నేను సంబరంగా క్లిక్‌ల మీద క్లిక్‌లు కొట్టాను. పిట్ట అలాగే కూర్చుంది. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. తల ఆడిస్తోంది, గట్టు వైపు చూస్తోంది, నా వైపు చూస్తోంది, ఎగరడం లేదు. ఇరవై రెండు నిమిషాలయ్యాక చేపని తనే మింగేసి వెళ్ళిపోయింది. అదృష్టమంటే ఇది, ఇంతసేపు ఫోజిచ్చిందని ఇంటికొచ్చేదాకా అనుకుంటూనే ఉన్నాను.

ఫిబ్రవరి 10

పొద్దున దుకాణానికి పోయే ముందు గుడిసెలోకి పోలేదు. చిన్నాన్న మోటారు షెడ్డు పక్కన నిలబడి మావాడి బైనాక్యులర్స్‌తో చూశాను. చేప పట్టిన పిట్ట కొమ్మ మీద నిమిషం కూడా ఆగలేదు. నేరుగా నా గుడిసె పక్కనే, పిల్లకాలువ గట్టు నిట్టనిలువుగా తెగిన చోటికి పోయింది. అక్కడ చిన్న బొరియ, కింద తెల్లటి రెట్ట చార. గుడిసె నుంచి ఆరేడు అడుగులు ఉంటుందేమో.

ఆదివారం ఇరవై రెండు నిమిషాలు అది ఫోజివ్వలేదు. నేను లోపల కదులుతున్నానని బొరియలోకి పోవడానికి జంకింది.

పెద్దాయన్ని అడిగితే, "ఆ బొక్కా? సంకురాత్రికి ముందే తవ్వినాయి గదా" అన్నాడు. చెప్పలేదేమని అడిగాను. "నువ్వు అడగలా" అన్నాడు.

ఫిబ్రవరి 15

పొద్దెక్కాక, రెండూ గుంట అవతలి కొసన ఉన్నప్పుడు చూసి, పది నిమిషాల్లో గుడిసె ఊడదీశాం. నేను, మావాడు, పెద్దాయన. పైపునీ, తుమ్మ కొమ్మనీ అలాగే ఉంచాం, వాటికి అలవాటైంది కదా అని. చిన్నాన్నకి బొరియ చూపించి, పంట కోశాక కాలువ పూడిక తీసేటప్పుడు జేసీబీని ఈ వైపుకి రానివ్వద్దని చెప్పాను. "పిల్లలు ఎగిరిపోయేదాకా ఆపితే చాలుగా" అన్నాడు. చాలు.

మోటారు షెడ్డు నుంచి కొమ్మ దాకా టేపు పట్టాను. పందొమ్మిది మీటర్లు. ఫ్రేములో పిట్ట తొమ్మిదో వంతు వస్తుంది. సాయంత్రం అక్కడి నుంచి తీసిన ఫొటోలో పచ్చటి వరి, దాని ముందు తుమ్మ కొమ్మ, కొమ్మ కొసన నీలం చుక్క, చుక్క ముక్కున ఇంకో చిన్న తెల్ల చుక్క. అది చేప అని నాకు తెలుసు, తల బయటికే ఉంది.

తాటాకులు అమ్మ నీళ్ళ పొయ్యిలోకి పోయాయి.